అత్తమ్మ పెట్టిన గుట్ట పరీక్ష

క్షయ అనే మాటను మా ఇంట్లో ఎవరూ నోటితో అనలేదు. అన్న "ఆ జబ్బు" అన్నాడు, చుట్టుపక్కల వాళ్ళు "ఛాతీలో నిమ్ము" అన్నారు, మా అమ్మ దిష్టి అని సరిపెట్టుకుంది. డాక్టరు గారు నా ఎక్స్‌రే పటాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి "కుడి పక్కన మచ్చ ఉంది" అన్నారు. మచ్చపడ్డ సరుకు ఏ ధరకు పోతుందో బజారులో పుట్టి పెరిగిన నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ఆ మచ్చ మానిపోయిందంటున్నారు. అందుకే ధైర్యం చేసి ఇది రాస్తున్నాను. ఇలాంటి జబ్బుతో మంచం పట్టినవాళ్ళు ఎవరైనా చదివితే, నేను చేసిన తెలివితక్కువ పని ఒక్కటి చేయకుండా ఉంటారని ఆశ.

మా దుకాణం సికింద్రాబాదు బజారులో. యుద్ధం అయిపోయాక పటాలాల వాళ్ళు వేలం వేసిన బూట్లు, కంబళ్ళు, నీళ్ల సీసాలు, భుజం సంచులు కొని అమ్ముకునేవాళ్ళం. నేనూ మా అన్న వీరేశమూ గల్లా దగ్గర వంతులవారీగా కూర్చునేవాళ్ళం. 1948 ఎండలు ముదిరేసరికి నాకు పొడి దగ్గు పట్టుకుంది. పాత కంబళ్ళ దుమ్ము అనుకున్నాను. వానలు పడ్డాయి, దుమ్ము అణిగింది, దగ్గు మాత్రం అణగలేదు. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. కుడి డొక్కలో ఎవరో గోనె కుట్టే సూదితో పొడిచినట్టు ఉండేది. గిరాకీతో ఒక్క మాట పూర్తి చేసేలోగా రెండుసార్లు ఊపిరి పీల్చుకోవలసి వచ్చేది.

డాక్టరు గారు చూసి, సూదితో పక్కలోంచి నీరు తీసి, "మూడు నెలలు మంచం దిగకూడదు" అన్నారు.

నేను ఊరుకోలేదు. "నెలన్నరకు ఇప్పించండి డాక్టర్ సాబ్" అన్నాను.

ఆయన హాస్యమనుకుని నవ్వారు. నేను హాస్యానికి అనలేదు. మా బజారులో మొదట చెప్పిన ధర అసలు ధర అయిన రోజు నేను ఎరగను. ముప్పై అన్నవాడికి పదిహేను వస్తే చాలని లోపల ఉంటుంది. మూడు నెలలు అన్నారంటే ఆయన మనసులో నెలన్నర ఉంది, మిగతాది మనలాంటి మొండివాళ్ళ కోసం కలిపి చెప్పారు అని తీర్మానించుకుని ఇంటికొచ్చాను. నా భార్య ఆండాళుకు కూడా నెలన్నరే అని చెప్పాను.

ఆ నెలన్నర నన్ను చూసుకున్నవాళ్ళలో పక్కింటి దైవసహాయం మాస్టారు ఒకరు. బందరు వైపు నుంచి వచ్చి ఇక్కడి మిషన్ బడిలో పాఠాలు చెప్పేవారు. ప్రతి ఏడూ పిల్లలను వెంటేసుకుని గుట్టలెక్కించడం ఆయనకు సరదా, ఆ పిల్లలకు బూట్లమ్మడం నాకు సరదా. డాక్టరు రాసిచ్చిన చేప నూనెను ఆయనే తెచ్చారు. ఏకాదశి నాడు ఉల్లిపాయను కూడా గడప దాటనివ్వని ఇల్లు మాది. మా అమ్మ ఆ సీసాను చూసి ముక్కు మూసుకుని "ఇదేం నూనె మాస్టారూ?" అంది.

"మందండి" అన్నారు ఆయన, కళ్ళలోకి చూడకుండా.

"దేని మందు?"

"ఛాతీ మందండి."

అమ్మకు తెలుసు. తెలిసీ రోజూ తన చేత్తోనే చెంచాలో పోసి, నేను మింగేదాకా గోడవైపు తిరిగి నిలబడేది.

నెలన్నర దగ్గరపడుతుండగా సెప్టెంబరు వచ్చింది. సరిహద్దుల్లో ఫౌజులు దిగాయన్నారు. బజారు తలుపులన్నీ పడ్డాయి. ఎవరేం చేస్తారో, ఏ వీధిలోకి ఎవరొస్తారో తెలియక అందరం గొళ్ళేలు పెట్టుకుని మాస్టారింటి రేడియో వైపు చెవులు పెట్టాం. ఆ నాలుగైదు రోజులు ఊరంతా నాలాగే ఊపిరి బిగబట్టింది. తర్వాత ఒక మధ్యాహ్నం ఒక్కసారిగా కేకలు, డప్పులు, బండ్ల రొద. హిందూస్తాన్ ఫౌజు సికింద్రాబాదులోకి వచ్చింది. జనం పూలదండలతో రోడ్డు మీదకు పరుగెత్తారు. మా పాప భాగ్య, అప్పటికి దానికి మూడేళ్ళు, మా అన్న భుజమెక్కి వెళ్ళి వచ్చి "నాయినా, ఇంత పెద్ద బండి!" అని చేతులు చాచి చూపించింది.

మంచం మీద పడుకుని ఆ రొద వింటూ నేను దేశం గురించి ఆలోచించానని రాస్తే బాగుండును. నేను ఆలోచించింది బూట్ల గురించి. ఇంత ఫౌజు ఊళ్ళో దిగింది, పటాలం సామాను అమ్మేవాడు మంచంలో ఉన్నాడు! నా లెక్క ప్రకారం గడువు కూడా అయిపోయింది. మర్నాడే తలకు మఫ్లరు చుట్టుకుని దుకాణానికి పోయాను.

అన్న నన్ను చూసి "నీకేమన్న దిమాగ్ ఖరాబైందా? ఇంటికి పో" అన్నాడు.

"డాక్టరు చెప్పిన గడువు అయిపోయిందన్నా."

"డాక్టరు జెప్పిండా, నువ్వు జెప్పుకున్నవా?"

పోలేదు. గిరాకీ నిజంగానే బాగా ఉంది. కొన్ని రోజులు గడిచాక ఒక జవానుతో నీళ్ల సీసా బేరం చేస్తూ చేస్తూ దగ్గాను. నోటికి అడ్డం పెట్టుకున్న తువ్వాలు ఎర్రబడింది. ఆ జవాను పంజాబీ కుర్రాడు, మాట అర్థం కాదు. సీసా గల్లా మీద వదిలేసి నన్ను రెక్కపట్టి కూర్చోబెట్టి, ఆ సీసాలోనే నీళ్ళు పట్టుకొచ్చి నా నోటికి అందించాడు.

ఆ వారమే సీతాఫల్‌మండి నుంచి మా అత్తమ్మ వచ్చింది. మాలో అత్త అల్లుడి ఎదటపడి మాట్లాడదు. తలుపు చాటున కొంగు కప్పుకుని నిలబడి, కూతురికి చెబుతున్నట్టు చెబుతుంది. అల్లుడు వినాలి, వినపడనట్టు ఉండాలి. పెళ్ళైన ఆరేళ్ళలో ఆమె గొంతు తప్ప ముఖం సరిగా చూసిన గుర్తు లేదు నాకు.

తలుపు వెనక నుంచి ఆ గొంతు అంది. "ఆండాళూ, మీ ఆయనకు జెప్పు. నీ నాయిన గిట్లనే దగ్గుకుంట దగ్గుకుంట దుకాణం నడిపిండు. ఆఖరి దినం సుత తరాజు పట్టుకున్నడు. నాకు ఒక్కసారి జూసింది సాలు. పిల్లను తీస్కపోతున్న."

భాగ్య గుడ్డలు మూటగట్టే చప్పుడు విన్నాను. పాపను నా దగ్గరకు రానివ్వలేదు. రిక్షా కదిలాక ఆండాళు నా మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. అరవలేదు.

"మూడు నెలలు అన్నడట గద డాక్టరు. వీరేశం బావ అడిగిండు ఆయనను. నువ్వు డాక్టరుతోని బేరం జేసినవ్. నా బిడ్డ పోయింది."



ఈసారి ఆసుపత్రి మెట్ల మీద నేను నోరెత్తలేదు. ఆ రోజుల్లో అక్కడి వరండా బల్లలు చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. బయట హిందువులూ ముస్లిములూ ఒకరి ముఖం ఒకరు చూడటానికి జంకే రోజులు. లోపల మాత్రం ఎవరైనా దగ్గితే పక్కవాడు జరిగి చోటిచ్చేవాడు. తెల్ల గడ్డం పెద్దాయన ఒకాయన, షేర్వానీ మోచేతుల దగ్గర చిరిగి, ప్రతిసారీ నాకంటే ముందే వచ్చి ఉండేవాడు. ఆయన కోడలికి నా జబ్బే. నేను నిలబడలేకపోవడం చూసి లేచి తన చోటు ఇచ్చాడు.

"బైఠో బేటా. నాకు జబ్బు లేదు, వయసు ఒక్కటే ఉంది" అన్నాడు సగం ఉర్దూలో, సగం తెలుగులో.

మీ ఇంట్లో అంతా క్షేమమేనా అని అడిగాను. "ఇద్దరం క్షేమం. నేనూ, కోడలూ" అన్నాడు. మిగతావాళ్ళ సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చలికాలం మధ్యలో ఆయన రావడం ఆగిపోయింది. మంచి కబురో చెడ్డ కబురో ఇప్పటికీ తెలియదు. ఆ బల్ల మీద కూర్చున్నప్పుడల్లా పక్కన కొంచెం చోటు వదిలి కూర్చునేవాణ్ణి.

1949 అంతా దాదాపు మంచమే. ఎంతకాలమని డాక్టరు గారిని అడగడం మానేశాను. శుక్రవారాలు ఆండాళు సీతాఫల్‌మండి పోయి వచ్చేది. మొదట్లో భాగ్య ఏం తిన్నదో, ఏం మాట్లాడిందో చెప్పేది. తర్వాత తర్వాత చెప్పడం తగ్గించింది. ఎందుకని అడిగితే, "నిన్ను అడుగుతలేదు" అంది మెల్లగా. డొక్కలో సూది పోటు కంటే ఆ మాట ఎక్కువ దూరం దిగింది.

ఆ ఏడు వానలు వెనకపట్టాక జ్వరం పోయింది. ఒళ్ళు కొంచెం బరువెక్కింది. కొత్త పటం చూసి డాక్టరు గారు "మానింది. ఇక మెల్లగా నడవండి. పాపను తెచ్చుకోవచ్చు" అన్నారు. ఆండాళు ఆ కబురు పట్టుకుని పుట్టింటికి పరుగెత్తింది. తిరిగి వచ్చేటప్పుడు అత్తమ్మను వెంటబెట్టుకుని వచ్చింది గాని, పాప లేదు.

తలుపు చాటు నుంచి: "పోయినసారి సుత మంచిగైందనే దుకాణం బోయిండు. మాట మీద నాకు నమ్మకం లేదని చెప్పు. మా భోనగిరి గుట్ట ఎక్కమను. చిన్నప్పటి సంది చూస్తున్న, ఛాతీల జోర్ లేనోడు ఆ బండ మీద నిలవడడు. పైదాక పోయి దిగి వస్తే, ఆడనే పిల్లను అప్పజెప్త."

భోనగిరి అంటే భువనగిరి. ఊరి నెత్తిన ఒకే ఒక్క రాయి, కొండంత రాయి, దాని మీద పాత కోట. అత్తమ్మ పుట్టిల్లు దాని నీడలోనే.

నేను ఆండాళుతో, తలుపుకు వినపడేలా అన్నాను. "మౌలాలి గుట్టకు ఒప్పుకోమను. అది గుడ గుట్టనే గద."

"మౌలాలి దర్గాకు ముసలోళ్ళు సుత పోతరు మొక్కుకుంట. భోనగిరే."

బేరం అక్కడే ముగిసింది. ఆ ఇంట్లో నాకంటే గట్టి వ్యాపారి ఉందని తెలిసింది.

డాక్టరు గారిని అడిగితే, చలికాలం దాకా సాధన చేసి వెళ్ళమన్నారు. "ఆగి ఆగి ఎక్కండి. నొప్పి వచ్చిన చోట గుట్ట అయిపోయిందనుకోండి. అర్థమైందా?" అన్నారు. అర్థమైందన్నాను. ఆయన నా ముఖం వంక అనుమానంగా చూశారు. నేను ఏదో ఒకటి తగ్గించమంటానని ఎదురుచూసినట్టున్నారు.

సాధన దైవసహాయం మాస్టారి చేతిలో పడింది. మొదటి ఉదయం వీధి చివరి దాకా. తిరిగి వచ్చి అరుగు మీద కూలబడ్డాను. ఏడాది పైగా వాడని కాళ్ళు నావి కావన్నట్టు వణికాయి.

"మీరు మాట్లాడుతూ నడవండి" అన్నారు మాస్టారు. "మాట ఎక్కడ తెగితే అక్కడ ఆగాలి. మీకు ఇంతకంటే మంచి కొలత లేదండి."

నిజమే, మాట్లాడటంలో నాకు సాటి లేదు. దారంతా బూట్ల సంగతులు, గిరాకీల మోసాలు, మా మోసాలు చెప్పుకుంటూ నడిచేవాణ్ణి. మాట మధ్యలో ఊపిరి తెగితే మాస్టారు టక్కున ఆగిపోయేవారు. మంచి కథ మధ్యలో ఆపి కరెంటు స్తంభం పక్కన నిలబడితే ఎంత చిరాకో! కాని వారాలు గడిచేకొద్దీ కథలు పొడుగయ్యాయి. రైలు పట్టాల దాకా, తర్వాత మల్కాజ్‌గిరి దారిలో చెట్ల దాకా వెళ్ళి వచ్చాం.

ఇక సామాను. సామాను అమ్మేవాడికి సామాను కరువా? దుకాణంలోంచి మంచి పటాలం బూట్ల జత తీసుకున్నాను. "తొడిగేకొద్దీ మీ కాలికే కుదురుతుంది" అని వందలమందికి చెప్పి అమ్మిన జత. అవి తొడుక్కుని మౌలాలి మెట్లు సగం ఎక్కేసరికి మడమలు రెండూ పొక్కాయి. ఒక్కో బూటు ఒక్కో ఇటుక. పై నుంచి దిగుతున్న ముసలమ్మ ఒకామె, చేతిలో చక్కెర ప్రసాదం, నన్ను చూసి ఆగి "ఏంది కొడుకా, ఎవరితోని జంగ్‌కు పోతున్నవ్?" అని అడిగింది. మాస్టారు నవ్వాపుకోలేక అటు తిరిగారు. మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుతుంటే, ఆ వందలమందీ ఒక్కొక్కరుగా గుర్తొచ్చారు.

"గుట్టరాయికి కాన్వాసు జోళ్ళండి, రబ్బరు అడుగువి" అన్నారు మాస్టారు. అవి మా దగ్గర లేవు. ఎదుటి వరుసలో మా పోటీదారుడి దగ్గర ఉన్నాయి. తప్పక పోయాను. ఆయన ధర చెప్పాడు. నేను అలవాటు ప్రకారం నవ్వి, జోడు తిరగేసి, అడుగు వంచి, "ఇది..." అని మొదలుపెట్టాను. అంతలో ఊపిరి తెగింది. మాస్టారు నేర్పినట్టు ఆగిపోయాను. జోడు చేతిలో పట్టుకుని ఊరికే ఆయన వంక చూస్తూ నిలబడ్డాను. ఆయన కాసేపు చూసి, ఇబ్బందిగా కదిలి, ధర తగ్గించాడు. నాకు ఇంకా ఊపిరి అందలేదు. ఇంకా తగ్గించాడు. "గిట్ల చూడకు రాజలింగం, తీస్కపో, నువ్వు జబ్బులకెల్లి లేచినవ్" అన్నాడు చివరకు. ఇరవై ఏళ్ళు నోరు పారేసుకుని సాధించనిది ఆ రోజు నోరు మూసుకుని సాధించాను.

జోళ్ళు, ఉన్ని గుడ్డ చుట్టిన నీళ్ల సీసా, వెదురు కర్ర, మూటలో పేలాలూ బెల్లమూ. కార్తీకం వెళ్ళేసరికి మౌలాలి గుట్ట నోరు నొప్పి పుట్టేంత మాట్లాడుతూ ఎక్కి దిగాను. ఇక భోనగిరే అన్నారు మాస్టారు.

ముందు రోజే అత్తమ్మ, ఆండాళు, భాగ్య వెళ్ళి అత్తమ్మ తమ్ముడి ఇంట్లో దిగారు. మేం పొద్దున రైలుబండికి వెళ్ళాం. కిటికీలోంచి ఆ రాయి కనపడగానే నా కథలు ఆగిపోయాయి. మంచులో అది గుట్టలా లేదు. ఎవరో ఆకాశానికి అడ్డంగా పెట్టిన గోడలా ఉంది.

గుట్ట కింద అత్తమ్మ నిలబడి ఉంది, కొంగు ముఖం మీదకు లాక్కుని. చంకలో భాగ్య. ఎంత పొడుగైందో! నన్ను చూసి అమ్మమ్మ భుజంలో ముఖం దాచుకుంది. ఆండాళు వంట కోసం ఇంట్లో ఉండిపోయింది. నేను పాప వైపు ఒక అడుగు వేశాను, అత్తమ్మ రెండు అడుగులు వెనక్కి జరిగింది. ముందు గుట్ట.

కోట ద్వారాల దాకా మెట్లు. ఆగుతూ, మాట్లాడుతూ ఎక్కాం. ద్వారాలు దాటాక మెట్లు పోయి బోడి బండ మిగిలింది. ఏటవాలు, గాలి. కాన్వాసు జోళ్ళు బాగా పట్టాయి. పైన రాజమహలు గోడలు స్పష్టంగా కనపడుతున్నాయి. ఇంకొక్క ఊపు. అప్పుడు కుడి డొక్కలో ఆ పాత సూది మెల్లగా తాకింది.

నేను అబద్ధం చెప్పొచ్చు. మాస్టారికి ఏమీ లేదని చెప్పి నాలుగు అంగల్లో పైకి పోవచ్చు. కింద నా బిడ్డ ఉంది. నిలబడ్డాను. ఒక మాట అనబోయాను, రాలేదు.

మాస్టారు నా ముఖం చూశారు. "ఇక్కడికి అయిపోయిందండీ గుట్ట" అన్నారు.

తల ఊపాను. "వెల్లకిలా పడుకోండి, కండరాలు వదులు చేయండి" అన్నారు. బండ మీద చేతులు చాపి పడుకున్నాను. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. పాపను ఇంకో ఏడాది చూడలేనని, అప్పటికి అది నన్ను బొత్తిగా మరిచిపోతుందని అనుకున్నాను. కిందనున్నవాళ్ళు కంగారుపడతారేమోనని మాస్టారు లేచి, ఏం ఫరవాలేదన్నట్టు తువ్వాలు ఊపారు.

కింద నుంచి చూసినవాళ్ళకు అది ఎలా కనపడిందో మాకు తట్టలేదు. బండ మీద చేతులు చాచి పడి ఉన్న మనిషి, పక్కన తువ్వాలు ఊపుతూ మరో మనిషి.

చాలాసేపటికి ద్వారం వైపు నుంచి కేక వినపడింది. లేచి కూర్చున్నాను. బోడి బండ మీద ఉత్త కాళ్ళతో, కొంగు నడుముకు చుట్టి, చంకలో పిల్లతో అత్తమ్మ ఎక్కి వస్తోంది. తల మీద ముసుగు లేదు, జుట్టు ముడి ఊడింది. మొదటిసారి ఆమె ముఖం నిండుగా చూశాను. ఆండాళు ముఖమే, ముడతలతో.

"ఏమైందయ్యా? నెత్తురు వడ్డదా?" నేరుగా నన్నే అడిగింది. "జెప్పవేందయ్యా!"

"లేదత్తమ్మా. జెర దమ్ము తీస్కుంటున్న."

"మరి ఆ మాస్టరెందుకు గుడ్డ ఊపిండు? నేను పానం పోయిందనుకున్న! ఆగినోడివి కూసోవాలె గని గట్ల పీనుగ లెక్క పంటరా?" అని తిడుతూనే ఉంది. తిట్ల మధ్యలో ఊపిరి తెగి రొప్పుతూ ఆగిపోయింది. మాస్టారు "కూర్చోండమ్మా" అంటూ సీసా మూత తీసి అందించారు.

"పైదాక పోలేదత్తమ్మా" అన్నాను. "నొప్పి షురూ అయింది, ఆగిన. ఓడిపోయిన."

ఆమె నీళ్ళు తాగింది. పైకి, ఆ గోడల వైపు చూసింది, తర్వాత నా వైపు.

"ఆండాళు నాయిన ఒక్క దినమన్న గిట్ల ఆగి ఉంటే..." అంది. చంకలో పిల్లను చూసుకుని, విసుగ్గా అన్నట్టు నా వైపు తోసింది. "పట్టు. నా వల్ల గాదు, చేతులు గుంజుతున్నయ్."

భాగ్య నా ముందు బండ మీద నిలబడింది. నా ముఖం, మఫ్లరు, జోళ్ళు వరుసగా చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

"నువ్వు నాయినవా?" అంది.

"అవును."

"మరి మంచం ఏది?"

మంచం ఇంట్లో ఉంది, నేను లేచాను అని చెప్పాను. అది కాసేపు ఆలోచించి ఒప్పుకుంది.

దిగేటప్పుడు నా చిటికెన వేలు పట్టుకుంది. తొండ కనపడితే ఆగాలి. గులకరాయి దొరికితే ఆగి, అది నా జేబులో వేయాలి. కాళ్ళు నొప్పి పుట్టకపోయినా కూర్చోవాలి. అంత నిదానంగా నన్ను ఏ డాక్టరూ నడిపించలేదు. వెనక అత్తమ్మ, మాస్టారు ఓపిగ్గా ఆగుతూ వస్తున్నారు. కింద ద్వారం దగ్గర వంట వదిలేసి పరుగెత్తుకొచ్చిన ఆండాళు మమ్మల్ని చూసి అక్కడే నిలబడిపోయింది. భాగ్య ఇంకో రాయి ఏరుకోవడానికి వంగింది. మేం అందరం మళ్ళీ ఆగాం.